‘పాల్స్ కేస్’ కథలో పాల్‌ని ఎలా అర్థం చేసుకోవాలి?

నమస్కారం. 1905లో అచ్చయిన అమెరికన్ రచయిత్రి విల్లా క్యాథర్ కథ ‘పాల్స్ కేస్’ మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. పిట్స్‌బర్గ్ కుర్రాడు పాల్ ఆఫీసు డబ్బు కాజేసి, న్యూయార్క్ వాల్డార్ఫ్ హోటల్లో కొన్నాళ్లు దొరబాబులా బతికి, చివరికి రైలు కింద పడతాడు.

మా క్లాసులో అందరూ అతన్ని అబద్ధాలకోరని తేల్చేశారు. నాకు మనసొప్పడం లేదు. పసికందుగా ఉన్నప్పుడే తల్లి పోయింది. ఆమె ఎర్ర ఊలుతో కుట్టిన బైబిల్ వాక్యం ఇంకా అతని మంచం పైన గోడకి వేలాడుతోంది. దాని ఊసే ఎవరూ ఎత్తరేం?

కానీ సంగీతమంటే పడిచచ్చే పాల్‌కి అది నేర్చుకోవాలని మాత్రం ఉండదు. అక్కడే నా వాదన ఆగిపోతోంది. చివర్లో కార్నేషన్ పువ్వుని మంచులో పూడ్చడం పశ్చాత్తాపమా? కథలోంచే ఆధారం చూపించి చెప్పగలరా?