అప్‌డేట్: ప్రాజెక్టుపై ప్రజల నమ్మకాన్ని కొలిచే సర్వే

మా గని విస్తరణను చుట్టుపక్కల ప్రజలు ఎంతవరకు ఆమోదిస్తున్నారో "మీరు సమర్థిస్తారా?" అనే ఒక్క ప్రశ్నతో తేల్చవచ్చా అని గతంలో అడిగాను. చాలదనీ, నమ్మకాన్నీ ఆమోదాన్నీ విడివిడిగా కొలవాలనీ చెప్పినవారికి కృతజ్ఞతలు. ఆ ప్రకారమే సర్వే పూర్తయింది.

ప్రాజెక్టును స్థానికులు ఎంతవరకు ఒప్పుకుంటున్నారో మెట్లుగా చూపుతూ థామ్సన్, బూటిలియర్ అనే పరిశోధకులు 2011లో ప్రతిపాదించిన పిరమిడ్ నమూనాలో అంగీకారం కింది మెట్టు, ఆమోదం దానిపై మెట్టు, ప్రాజెక్టును తమదిగా భావించడం శిఖరం. ఆస్ట్రేలియాలో మొఫాట్, ఝాంగ్ 2014లో ప్రచురించిన అధ్యయనమేమో, సంస్థ మనుషులు ప్రజలతో మెలిగే తీరు, నిర్ణయాలు తీసుకునే పద్ధతిలోని న్యాయం నమ్మకాన్ని పెంచుతాయనీ, ఆ నమ్మకమే ఆమోదానికి దారి తీస్తుందనీ చూపింది. మా ప్రశ్నలను ఈ రెండింటి ఆధారంగానే రాసుకున్నాం.

ఆమోదం సగటు బాగానే వచ్చింది. అయితే "మీరు అభ్యంతరం చెబితే నిర్ణయం మారుతుందని అనుకుంటున్నారా?" అన్న ప్రశ్నకే అన్నిటికంటే తక్కువ మార్కులు పడ్డాయి. "ఒప్పుకోక ఏం చేస్తాం, మమ్మల్ని అడిగేసరికే లారీలు తిరుగుతున్నాయి" అని ఒక పెద్దావిడ అన్న మాటను సర్వే చేసినవారు పక్కన రాసి పెట్టారు; ఆమె సమాధానం మాత్రం "అంగీకరిస్తాను" గడిలోనే ఉంది. నా దృష్టిలో ఇది ఆమోదం కాదు, విధి లేక ఊరుకోవడం. పైగా లారీల దారి వెంట ఉన్న ఇళ్ల అసంతృప్తి, దూరంగా ఉన్నవారి సమాధానాలతో కలిసి సగటులో కనబడకుండా పోయింది.

యాజమాన్యం సగటు ఒక్కటే చాలంటోంది. సమూహాలవారీ పట్టిక లేకుండా నివేదిక ఇవ్వనని చెప్పాను, చర్చ ఇంకా నడుస్తోంది.