హైదరాబాద్ నుంచి ముంబై దాకా కారు, అక్కణ్ణుంచి క్రూయిజ్: ఈ ప్లాన్ కుదురుతుందా?

ప్రశ్న:
పిల్లల చదువులు, ఇంటి లోను అంటూ ఏళ్లుగా వాయిదా వేసిన ట్రిప్ ఇది. డిసెంబర్‌లో ఇద్దరమే వెళ్తున్నాం, ఇద్దరికీ యాభై దాటాయి. శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి ముంబై, శనివారం షిప్పు, మంగళవారం పొద్దున దిగి అటే ఇంటికి. కారు ఎక్కడ వదలాలి? ఏ క్యాబిన్ మంచిది? మా ఆవిడకి బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది.

జవాబు 1:
ఒక్కరోజు ముందే బయల్దేరండి. దారి మొత్తం 710 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గురువారం పుణె చేరితే చాలు, అదే 560. షోలాపూర్‌కి 50 కిలోమీటర్ల ముందు హైవే మీదే నల్‌దుర్గ్ కోట వస్తుంది, అక్కడ కాసేపు కాళ్లు సాగదీయండి. భోజనానికి షోలాపూర్ సరిగ్గా సరిపోతుంది. పద్మశాలీలు ఎక్కువగా ఉన్న ఊరు కాబట్టి తెలుగులోనే దారి అడగొచ్చు.

శుక్రవారం నవీ ముంబైలో దిగండి. లోనావాలా తర్వాత ఘాట్‌లో ఒక్క లారీ మొరాయిస్తే గంటలకొద్దీ ఆగిపోతారు, షిప్పేమో మీకోసం ఆగదు. దిగుడులో రెండో గేరో మూడో గేరో వేసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించండి. బ్రేకు మీదే కాలు ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది.

టెర్మినల్ దగ్గర కారు వదలొచ్చని లెక్క వేసుకోవద్దు. వెళ్లే ముందు రాత్రికీ, తిరిగొచ్చాక రాత్రికీ ఒకే హోటల్ బుక్ చేసి, మధ్య రోజులకి పార్కింగ్ ఇస్తామని మెసేజ్‌లో రాయించుకోండి. అక్కణ్ణుంచి టాక్సీలో సముద్రం మీది వంతెన అటల్ సేతు దాటి ముంబైలో శివ్డీ వైపు వస్తే, టెర్మినల్ ఉన్న బల్లార్డ్ పియర్ దగ్గరే. ఫాస్టాగ్ వార్షిక పాస్ జాతీయ రహదారులకే. పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద చెల్లదు, అందుకని వాలెట్‌లో విడిగా డబ్బు ఉంచండి.

టైర్ల మాట మరవొద్దు. పక్కన అండాకారంలో ఉన్న గడిలో నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అంత పాతవైతే అరుగుదల లేకపోయినా మార్చేయండి. పక్క గోడ మీద బొడిపె కనిపిస్తే ఆ టైరుతో హైవే ఎక్కొద్దు. గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, డోరు దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంత పట్టించండి. దారిలో చూస్తే వేడికి నాలుగైదు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి తీయించకండి. స్టెప్నీకి కూడా పట్టించండి.

జవాబు 2:
క్యాబిన్ సంగతి. షిప్పు తూగుడుబల్లలా ఊగుతుంది: చివరలు లేస్తాయి, నడుమ తక్కువ కదులుతుంది. కాబట్టి కింది డెక్కులో (అంతస్తులో), నడిమి భాగంలో, కిటికీ ఉన్నది తీసుకోండి. పైడెక్కు బాల్కనీకి డబ్బు ఎక్కువ, ఊపూ ఎక్కువే. డెక్ ప్లాన్ తెరిచి మీ గదికి పైనా కిందా గదులే ఉన్నాయో లేదో చూడండి. పైన డాన్స్ ఫ్లోర్ ఉంటే నిద్ర ఉండదు.

ధర చూసేటప్పుడు పోర్టు చార్జీలు, జీఎస్టీ, సర్వీస్ చార్జీ అన్నీ కలిపి చూడండి. మద్యం, ఒడ్డున తిరిగే టూర్లు విడిగా కట్టాలి. లక్షద్వీప్ ఉన్న ట్రిప్ అయితే షిప్పు ఒడ్డు దాకా పోదు, చిన్న పడవల్లో దింపుతారు. అలలు ఎక్కువైతే ఆ దిగడం రద్దవుతుంది. అందుకని ఆ ఒక్కదాని కోసమే షిప్పు ఎంచుకోవద్దు.

పెద్ద బ్యాగు టెర్మినల్‌లో ఇచ్చేస్తే గదికి రావడానికి గంటలు పట్టొచ్చు. మాత్రలు, ఒరిజినల్ ఆధార్, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉంచుకోండి. టికెట్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్ ఇంట్లోనే వదిలేయండి, తనిఖీలో తీసేసుకుంటారు. షిప్పు కదలకముందే ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద ఫోను షిప్పు నెట్‌వర్క్ పట్టుకుంటే రోమింగ్ బిల్లు వాచిపోతుంది.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. వాంతుల మాత్ర ఎప్పుడు వేయాలి?

జవాబు 3:
తిప్పడం మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. ఎవోమిన్ లాంటివి షిప్పు కదలడానికి గంటా రెండు గంటల ముందే వేయాలి. బీపీ, గ్లకోమా, ప్రోస్టేట్ మందులు వాడేవాళ్లు ముందుగా డాక్టర్‌ని అడగాలి. ఖాళీ కడుపు మంచిది కాదు, పెరుగన్నం లాంటిది కొద్దిగా తినమనండి. గదిలో పడుకోకుండా డెక్కు మీదికి వచ్చి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతనే చూస్తూ నిలబడాలి.

ఈ మాత్రలకి మత్తు వస్తుంది. ఆఖరి రాత్రి వేసుకున్నవాళ్లు మర్నాడు స్టీరింగ్ పట్టకూడదు. మూడు రాత్రులు ఊగాక నేల మీద కూడా కాసేపు ఊగినట్టే ఉంటుంది. అందుకే మంగళవారం హోటల్‌లో పడుకుని, బుధవారం తెల్లారి బయల్దేరండి.