ఐరోపా ఆయుధ కొనుగోళ్లలో అమెరికా వాటా: మూడు లెక్కల్లో దేనిని తీసుకోవాలి?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. నేను అర్థశాస్త్రంలో పరిశోధక విద్యార్థిని. ఉక్రెయిన్ యుద్ధం తరువాత ఐరోపా ఆయుధ పరిశ్రమలో వచ్చిన మార్పులు నా పరిశోధనాంశం. యుద్ధం మొదలైనప్పటి నుంచి 2023 జూన్ వరకు సభ్య దేశాల రక్షణ కొనుగోళ్లలో 78 శాతం ఐరోపా యూనియన్ వెలుపలికి పోయిందని, అమెరికా వాటాయే 63 శాతమని 2024 మార్చిలో ఐరోపా కమిషన్ వెలువరించిన వ్యూహపత్రం చెబుతోంది. అదే సంవత్సరం లండన్‌లోని రక్షణ అధ్యయన సంస్థ ఐఐఎస్‌ఎస్ మాత్రం సగానికి పైగా సొమ్ము ఐరోపా ఆయుధాలకే వెళ్లిందని లెక్క తేల్చింది. ఆయుధ వ్యాపారాన్ని లెక్కగట్టే స్టాక్‌హోమ్ పరిశోధన సంస్థ సిప్రి గణాంకాల్లో అమెరికా వాటా 64 శాతంగా ఉంది. వీటిలో దేనిని ప్రామాణికంగా తీసుకోవాలో దయచేసి చెప్పగలరు.

సమాధానం: మీరు ఈ మూడింటిలో ఒకదానిని ఎంచుకోనవసరం లేదండి, ఎందుకంటే ఇవి ఒకే ప్రశ్నకు వచ్చిన మూడు జవాబులు కావు. ప్రతి లెక్కకూ హారం ఏమిటో, అంటే ఏ మొత్తంలో వాటా కట్టారో ముందుగా చూడండి. కమిషన్ లెక్కకు ఐరోపా యూనియన్ హద్దు కనుక బ్రిటన్, నార్వేల నుంచి కొన్నదీ అందులో ‘బయటి’ కొనుగోలే అవుతుంది. ఐఐఎస్‌ఎస్ నాటోలోని ఐరోపా దేశాలను తీసుకుంది కనుక బ్రిటన్ అందులో లోపలి దేశం. కాలవ్యవధి ఇంకా ముఖ్యం. కమిషన్ చెప్పిన పదహారు నెలల్లోనే జర్మనీ 35 అమెరికన్ ఎఫ్-35 యుద్ధ విమానాలకు ఒప్పందం చేసుకుంది, పోలండ్ దక్షిణ కొరియా వైపు మళ్లింది. అత్యవసరంగా జరిగిన ఇటువంటి భారీ కొనుగోళ్లు చిన్న వ్యవధిలో పడితే వాటా ఎటైనా మొగ్గుతుంది.

ప్రకటనకూ, కట్టుబడి తీరవలసిన ఒప్పందానికీ మధ్య ఉన్న తేడాను కూడా గమనించండి. 2022లో పోలండ్ కొరియాతో దాదాపు వెయ్యి కే2 ట్యాంకులకు స్థూల ఒప్పందం రాసుకున్నా, ఆ ఏడాది అమలు ఒప్పందం కుదిరింది 180 ట్యాంకులకే. మీ పట్టికలో వెయ్యి వేస్తారా, 180 వేస్తారా అన్నదానిని బట్టి మీ నిర్ధారణే మారిపోతుంది.

ప్రశ్న: కృతజ్ఞతలండి. అయితే సిప్రి వారి 64 శాతాన్ని ఆయా దేశాల సైనిక వ్యయంతో గుణించి, అమెరికాకు చేరిన సొమ్మును అంచనా వేయవచ్చా?

సమాధానం: దయచేసి ఆ పని చేయకండి. ఆ 64 శాతం 2020–24లో నాటోలోని ఐరోపా దేశాలు చేసుకున్న ప్రధాన ఆయుధాల దిగుమతుల్లో అమెరికా వాటా మాత్రమే. ఫ్రాన్స్ వైమానిక దళం తన దేశంలోనే తయారైన రఫేల్‌ను కొంటే అది ఆ హారంలోకే రాదు. పైగా సిప్రి వాడే టీఐవీ (ఆయుధ బదిలీల సూచిక విలువ) డబ్బు కొలత కాదు, చేతులు మారిన సైనిక సామర్థ్యానికి సూచిక. ఉచితంగా ఇచ్చిన ఆయుధాలూ, పాతవీ అందులో చేరతాయి, అదీ సంతకం చేసిన ఏడాదిలో కాక సరుకు అందిన ఏడాదిలో. అందువల్ల జర్మనీ 2022లో ఒప్పుకున్న ఎఫ్-35లు ఆ 64 శాతంలో లేనే లేవు. సైనిక వ్యయంలో జీతాలు, పింఛన్లు కూడా ఉంటాయి కనుక ఈ రెండింటి గుణకారానికి అర్థం ఉండదు.

మరో సభ్యుని సమాధానం: పై వివరణకు ఒక మాట చేర్చుతాను. అమ్మిన సంస్థ ఏ దేశానిదో చూసి పని అంతా ఆ దేశంలోనే జరిగిందనుకోవడం పొరపాటు. ఇటలీలోని కామెరీలో ఎఫ్-35లను బిగిస్తారు, వాటి రెక్కలనూ అక్కడే తయారు చేస్తారు. స్వీడన్ వారి గ్రిపెన్-ఈ యుద్ధ విమానం అమెరికన్ ఇంజన్‌తో ఎగురుతుంది. మీ అంశం పరిశ్రమ కనుక కొనుగోలు వాటాలను నేపథ్యంగా ఒక పేజీకి పరిమితం చేసి, సిప్రి ఏటా ఇచ్చే మొదటి వంద సంస్థల ఆయుధ ఆదాయాన్నీ, రైన్‌మెటాల్, సాబ్, లియొనార్డో వంటి ఐరోపా ఆయుధ కంపెనీల వార్షిక నివేదికల్లో చేతిలో ఉన్న ఆర్డర్ల విలువనూ ప్రధాన ఆధారంగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఆర్డర్లు పెరిగిన వేగంతో ఆదాయం పెరగకపోతే, కర్మాగారాల సామర్థ్యమో, పేలుడు పదార్థాల కొరతో అడ్డుపడుతోందా అన్న ప్రశ్నను అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.