4 పిన్ ఫ్యాన్‌కి ఆర్డుయినోతో స్పీడ్ కంట్రోలర్: కూత ఎందుకు?

ప్రశ్న: 12 వోల్టుల 4 పిన్ ఫ్యాన్‌కి ఆర్డుయినో ఊనో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) 9వ పిన్ నుంచి అనలాగ్‌రైట్ (పిన్‌ని వేగంగా ఆన్, ఆఫ్ చేసే కమాండ్) ఇస్తే స్పీడ్ మారుతోంది గానీ సన్నగా కూత వస్తోంది. మాస్‌ఫెట్ (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్) పెట్టాలా?

జవాబు: వద్దండీ. సప్లైని మాస్‌ఫెట్‌తో తెంపితే ఆర్‌పీఎం సిగ్నల్ (ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పేది) చెడుతుంది; 12 వోల్టులు ఎప్పుడూ ఉండాలి. అనలాగ్‌రైట్ ఇచ్చేది 490 హెర్ట్జ్, అది చెవికి వినిపిస్తుంది. ఫ్యాన్ కంట్రోల్ వైరుకి కావాల్సింది 25 కిలోహెర్ట్జ్. 9వ పిన్‌ని నడిపే టైమర్ 1ని ఫేజ్ కరెక్ట్ మోడ్‌లో (పైకి, కిందికి లెక్కించే పద్ధతి), ప్రీస్కేలర్ (క్లాక్ వేగాన్ని భాగించేది) లేకుండా పెట్టి ఐసీఆర్1లో (టైమర్ ఎంతవరకు లెక్కించాలో చెప్పే రిజిస్టర్) 320 వేయండి. ఓసీఆర్1ఏలో (పిన్ ఎంతసేపు ఆన్‌లో ఉండాలో చెప్పే రిజిస్టర్) 160 అంటే సగం సేపు ఆన్, అంటే 50 శాతం.

మరో జవాబు: ఆర్డుయినో గ్రౌండ్, 12 వోల్టుల సప్లై గ్రౌండ్ రెండూ కలపండి. ఆర్‌పీఎం వైరుకి 10 కిలోఓమ్ పుల్‌అప్ (వైరుని పై వోల్టేజి దగ్గర పట్టి ఉంచే రెసిస్టర్) 5 వోల్టులకే కలపాలి. 12కి కలిపితే ఆర్డుయినో పిన్ కాలిపోవచ్చు. ఆ వైరు మీద ఫ్యాన్ ఒక్కో చుట్టుకి 2 పల్సులు వస్తాయి.

ప్రశ్న: 3 పిన్ ఫ్యాన్ అయితే?

జవాబు: దానికి కంట్రోల్ వైరు ఉండదు కాబట్టి బక్ కన్వర్టర్‌తో (డీసీ వోల్టేజిని తగ్గించే సర్క్యూట్) వోల్టేజి తగ్గించండి. మొదట ఒక సెకను పూర్తి 12 ఇవ్వాలి, లేదంటే తక్కువ వోల్టేజి దగ్గర తిరగడం మొదలుకాకపోవచ్చు.