ఈ వారం సమస్య: బడికి పోని వారి బడికి సెలవు

అయ్యకోనేరు గట్టు (నిర్వహణ), విజయనగరం:
అందరికీ నమస్కారం. మన పద్యాల గుంపులో వారం వారం నేను ఆఖరి పాదం సమస్యగా ఇస్తాను, పై మూడు పాదాలూ రాసి మీరు పూరించాలి. ఈ వారం పాదం మన గుంపులోని ఒక అమ్మ ఇంట్లో పుట్టింది. కోట దగ్గర ఉంటారు కనుక ఆవిడని అందరం 'కోట దగ్గరమ్మ' అంటాం. ఇద్దరు పిల్లలు, పదకొండేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు. ఇద్దరికీ చదువు ఇంట్లోనే. పాపకి 14 నిండాక సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి రాయిస్తారట.

మొన్న ఏప్రిల్ ఆఖర్న వీధి పిల్లలంతా బ్యాగులు ఇళ్ళలో పడేసి గోలగోలగా పరిగెత్తుతుంటే, బాబు అడిగాడట: "అమ్మా, మనం బడికే వెళ్ళం కదా. మరి మనకి సెలవులు ఎవరిస్తారు?" ఆవిడకి జవాబు తట్టక నాకు ఫోన్ చేశారు. నాకేమో ఆటవెలది నాలుగో పాదం దొరికింది.

బడికి పోని వారి బడికి సెలవు

గణాలు న, హ, హ, న, న ('న' అంటే మూడు లఘువులు, అంటే పొట్టి అక్షరాలు; 'హ' అంటే గురువు, అంటే పొడుగు అక్షరం, దాని మీద ఒక లఘువు). ఐదూ సూర్యగణాలే, 'బ'కి 'బ' యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని పొత్తు. కొత్తవాళ్ళ కోసం మళ్ళీ చెబుతున్నాను: 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల మీద రెండు ఇంద్రగణాలు (మూడు, నాలుగు అక్షరాలవి) రావాలి. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. కుదరకపోతే ప్రాసయతి, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాల హల్లు కలవడం, వాడుకోవచ్చు.

రాజాం తమ్ముడు:
నా రెండో పద్యం ఇది. తప్పులుంటే చెప్పండి, టెన్షన్‌గానే ఉంది.

అమ్మ గురువు మాకు అరుగె తరగతియౌ
పుస్తకాలె మంచి పొరుగువారు
తాటి ముంజె తినుచు తాత కథలు విన
బడికి పోని వారి బడికి సెలవు

బొబ్బిలి మాస్టారు:
తమ్ముడూ, గణాలన్నీ సరిపోయాయి. 'పు'కి 'పొ' యతి కూడా చక్కగా కుదిరింది. ఒక్కటే దోషం. 'మాకు అరుగె' దగ్గర ఉకారం మీద అచ్చు వచ్చి విడిగా నిలబడింది, అది విసంధి. 'కు' ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉండేది, కాబట్టి 'మాకు నరుగె' అని రాయి. గణం మారదు, యతి 'అ'కారానికే చెల్లుతుంది. ఇంకొకటి, 'తినుచుఁ దాత' అంటే చెవికి ఇంకా బాగుంటుంది. 'పుస్తకాలె మంచి పొరుగువారు' మాత్రం ముట్టుకోకు. ఇంట్లో చదువుకునే పిల్లలకి పక్క బెంచీ అంటూ ఉండదు కదా, ఆ లోటు ఆ పాదంతో తీరింది.

చీపురుపల్లి నుంచి ఒక మిత్రుడు పంపిన పూరణలో రెండో పాదం 'సెలవు వచ్చెనంచు గాలిపటము' అని ఉంది. 'సె'కి 'గా' యతి చెల్లదు. 'సెలవు వచ్చెనంచుఁ జెట్టు లెక్కి' అంటే సరిపోతుంది. మిగతా పాదాలు సరిచేసుకుని మళ్ళీ పెట్టమని మనవి.

పాలకొండ అప్ప:
మా మనవలని తలుచుకుని రాశాను.

లెక్క పుస్తకమ్ము లెక్కె నటుకమీద
కథల పుస్తకాలు గడపఁ జేరె
చదివి చదివి నిద్ర చాపమీదనె రాఁగ
బడికి పోని వారి బడికి సెలవు

బొబ్బిలి మాస్టారు:
అప్పా, మొదటి పాదంలో 'పుస్తకమ్ములు' మీద 'ఎక్కె' చేరి 'లెక్కె' అయింది. 'లె'కి 'లె' అంటే అఖండయతి, సంధిలో కలిసిన అక్షరాన్ని విడదీయకుండా యతికి తీసుకోవడం. దాన్ని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. కానీ 'లెక్క', 'లెక్కె' రెంటిలోనూ 'క్క' ఉంది కనుక ప్రాసయతి పాదాన్ని నిలబెట్టింది. తెలిసి వేశారో తెలియక పడిందో గానీ గట్టిగా పడింది. ఒక పుస్తకం అటుక ఎక్కడం, ఇంకొకటి గడపకి దిగడం కళ్ళకి కట్టింది.

కోట దగ్గరమ్మ:
అప్పా, మా ఇంట్లోకి తొంగి చూసి రాశారా! మేము ఒక్కరోజులో చదువు ఆపెయ్యలేదు. మొదటి వారం లెక్కలు గంట నుంచి అరగంటకి దించాను. రెండో వారం చూచిరాత ఒక్క పేజీ, అంతే. మూడో వారానికి బాబే పలకని చాప కింద దాచేశాడు, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అప్పటి నుంచి మధ్యాహ్నం ఇంట్లో చప్పుడుండదు. పాప కిటికీ దగ్గర బోర్లా పడుకుని చదువుతుంది. మామిడిపండు తిన్న చేత్తో పేజీ తిప్పితే పసుపు మరక పడింది. నేను కేకలేస్తే, "అమ్మా, ఈ పేజీలో వాళ్ళు కూడా మామిడిపండే తింటున్నారు" అంది.

ఒక పూట ఇద్దరినీ శ్రీకాకుళంలో కథల గ్రంథాలయం, కథానిలయానికి తీసుకెళ్ళాను. కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన ఆ ఇంట్లో పాత పత్రికలు చూసి, "ఇవన్నీ కథలేనా? ఒక్కరే పోగుచేయించారా?" అని బాబు నోరు తెరిచాడు. తిరుగు బస్సులో తన దగ్గరున్న కథల పుస్తకాలు లెక్కపెట్టుకున్నాడు. పద్దెనిమిది ఉన్నాయట. ఆ లెక్క నేను చెప్పమన్నది కాదు.

బొబ్బిలి మాస్టారు:
నాదీ ఒకటి. మీ అందరి సంతోషానికి అడ్డం వస్తుందేమోనని రెండు రోజులు ఆగాను. ఉద్యోగంలో కొన్నాళ్ళు పలాస వైపు ఉన్నాను. కాల్చిన జీడిపిక్క ఒలిస్తే దాని నూనె వేళ్ళకి అంటుకుని చర్మం నల్లబడుతుంది, వారాలైనా పోదు. హాజరు పిలిచేటప్పుడు చెయ్యెత్తమంటే, ఎవరు పనికి వెళ్ళి వచ్చారో నాకు ఆ చేతుల్లోనే తెలిసేది. కొన్ని పేర్లకి అసలు చెయ్యే లేచేది కాదు.

జీడిపిక్క లొలిచి చేతులెల్ల నలుపు
చిన్నవాని కేది చేతఁ బలక
పనియె గురువుగాఁగ బ్రతుకులో నెన్నఁడు
బడికి పోని వారి బడికి సెలవు?

2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ చదువు హక్కు అని రాసుకున్నాం. 'బడికి పోని వారు' అన్న మాట వినగానే నాకు ముందు కళ్ళల్లో మెదిలింది ఆ చేతులే.

అయ్యకోనేరు గట్టు:
మాస్టారూ, అడ్డమేమీ లేదు. పాదంలో ఒక్క అక్షరం కదపకుండా దాన్ని ప్రశ్నగా మార్చారు. పూరణలో అది పెద్ద పని. 'జీ'కి 'చే' యతి గురించి వేరే చెప్పక్కర్లేదు.

కోట దగ్గరమ్మ:
మాస్టారి పద్యం పిల్లలకి చదివి వినిపించాను. పాప చాలాసేపు తన చేతులు చూసుకుంది. సాయంత్రం తనూ ఒకటి రాసింది.

మాకు సెలవు లేదు మా అమ్మకె సెలవు
అమ్మ చదువుకొనును హాయిగాను
అమ్మె బడియు గురువు నందుకే యీనాడు
బడికి పోని వారి బడికి సెలవు

మొదట 'మా అమ్మకే' అని రాసింది. 'కేసెలవు' అంటే గురువు మీద మూడు లఘువులు, అలాంటి ఇంద్రగణం లేదని చెప్పాను. వేళ్ళమీద లెక్కపెట్టుకుని తనే 'కె' చేసుకుంది. మిగతాదంతా తన సొంతం.

బొబ్బిలి మాస్టారు:
ఇంతమందిమి బడి అంటే చదువనో, అరుగనో, బతుకనో రాశాం. బడి అంటే అమ్మే అని ఈ పాపకే తోచింది! 'అ'కి 'హా' యతి ఈ వయసులో పట్టుకుంది. పాదాల చివర వాక్యం ముగిసింది కనుక తరువాతి పాదం అచ్చుతో మొదలైనా నేను పట్టుకోను. పాదం మధ్యలో మాత్రం 'మా యమ్మకె' అని యడాగమం రావాలి.

కోట దగ్గరమ్మ:
చెప్పాను మాస్టారూ. "నిన్ను ఎప్పుడైనా మా యమ్మ అని పిలిచానా?" అని అడుగుతోంది.

పాలకొండ అప్ప:
మాస్టారూ, గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన పర్వతాలపేట మన పక్క శ్రీకాకుళం జిల్లాలోనిదే. నోటితో మాట్లాడే మాటే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. గణం చెడలేదు, యతి చెడలేదు. పిల్ల నోట్లోని అమ్మని అలాగే ఉండనివ్వండి బాబూ.

బొబ్బిలి మాస్టారు:
ఉండనిద్దాం. నా పుస్తకంలోకి కూడా 'మా అమ్మకె' అనే ఎక్కించుకున్నాను.

అయ్యకోనేరు గట్టు:
ఈ వారం బహుమతి పుస్తకం పాపకి. రేపు నేనే తెచ్చి ఇస్తాను.

కోట దగ్గరమ్మ:
రండి, ముంజెలు తెప్పించి ఉంచుతాను. పద్యంలో 'అమ్మ చదువుకొనును' అని చదివాక గుర్తొచ్చింది. జనవరిలో మొదలుపెట్టిన నవల ఒకటి 40వ పేజీ దగ్గర ఆగిపోయి ఉంది. నిన్న మధ్యాహ్నం తీశాను. 112 దాకా వచ్చాక పిలుపులు మొదలయ్యాయి. లేచి వెళ్ళి వచ్చేసరికి, ఆ పేజీలో ఎవరో తాటాకు ముక్క గుర్తుగా పెట్టి ఉంచారు.