అనంతపురం హైవే పక్కన రోలర్ కోస్టర్: దసరాకి తెరుస్తారా?

టవర్‌క్లాక్_పిల్లోడు
అన్నలారా, గుత్తి పోయే దారిలో పార్కోళ్లు కొత్త రోలర్ కోస్టర్ కడుతుండారు. ఫ్యామిలీ సైజే, ట్రాక్ 350 మీటర్లంట. జులై నడుమకొచ్చినాం. 22 గుంతల్లో 14 కాంక్రీటు అయినాయి, 6 కాలమ్‌లు నిలబెట్టినారు, ట్రాక్ ముక్కలు కంచె పక్కనే పడుండాయి. ‘దసరాకి ప్రారంభం’ అని బోర్డు కట్టినారు. నమ్మొచ్చా?

బురుజు_కర్నూలు
ఇనుము లేచిందని ఆశపడొద్దు. అన్నిటికన్నా తొందరగా అయ్యే పని అదే. మిగిలిన 8 ఫుటింగులు (కాలమ్‌ల కింది పునాదులు) చూడు. తవ్వకం, అడుగున పీసీసీ (కడ్డీలు లేని కాంక్రీటు పొర), కడ్డీలు కట్టడం, కాలమ్‌ను పునాదికి పట్టే యాంకర్ బోల్టులు నిలబెట్టడం, కాంక్రీటు: రెండు జట్లున్నా 3 వారాలు పడుతుంది. 28 రోజుల క్యూబ్ టెస్టు (కాంక్రీటు ముక్కను నొక్కి బలం చూసేది) దాకా అందరూ ఆగరు. 7 రోజులకే మూడింట రెండొంతుల బలం దాదాపుగా వస్తుంది, ఎంత వస్తే కాలమ్ ఎక్కించొచ్చో డిజైన్ చేసినోళ్లు రాసిస్తారు. మీది ఎర్రనేల, నయం. నంద్యాల దిక్కు నల్లరేగడి అయ్యుంటే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బుండే లోతు పునాది స్తంభాలు) దింపాల్సొచ్చేది.

నా లెక్క: ఫుటింగులు ఆగస్టు మొదటి వారానికి, ఇనుము సెప్టెంబరు ఆఖరుకి, వైరింగు అక్టోబరు నడుమకి, ఆపైన టెస్టింగ్ 3–4 వారాలు. అంటే నవంబరు.

ఇనుప_పని
నవంబరు కూడా బోల్టులు సరిగ్గా ఉంటేనే. కాంక్రీటు పోసేటప్పుడు బోల్టులను కదలకుండా పట్టే ఇనుప టెంప్లేట్ బిగించకుండా వట్టి కట్టుతీగతో వదిలేస్తే వైబ్రేటర్ తగిలి బోల్టులు పక్కకు జరుగుతాయి. 10 మిల్లీమీటర్లు జరిగినా బేస్ ప్లేట్ (కాలమ్ అడుగు పలక) కూర్చోదు. అప్పుడు ఎవడో ఒకడు గ్యాస్ కట్టర్‌తో రంధ్రం పెద్దది చేద్దామంటాడు. రైడ్ తయారుచేసినోళ్లు దానికి సంతకం పెట్టరు. ఆ ఫుటింగు తల కొట్టి మళ్లీ పోయాలి, 2–3 వారాలు పాయె.

కంచె బయటినుంచే తెలుస్తుంది: బోల్టు మరలకు గ్రీజు పూసి, గోనెపట్టానో టేపో చుట్టుంటే పని తెలిసిన జట్టు. మరల్లో సిమెంటు పాలు గట్టిపడి కనిపిస్తే ఇంకో నెల కలుపుకో.

పెన్నా_గాలి
ఆషాఢ గాలిని ఇద్దరూ మర్చిపోయినారు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! గాలి సెకనుకు 10 మీటర్ల దగ్గరికొస్తే ట్రాక్ ముక్కలు ఎత్తడం ఆపేస్తారు. ఈ రెండు నెలలు క్రేన్‌కి పొద్దున్నే దొరికే కొన్ని గంటలే పని.

ఇంకొకటి. ట్రాక్ కలిసిన రోజు అందరూ ఫొటోలు పెడతారు గానీ, అది సగం దారే. అలైన్‌మెంటు (ట్రాక్ వరస సరిచేయడం), బేస్ ప్లేట్ కింద సందు నింపే గ్రౌట్, బోల్టుల టార్క్ (లెక్క ప్రకారం బిగించడం) ఉంటాయి. ఆపైన ఖాళీ బండి తిప్పుతారు. కొత్త చక్రాలు, చల్లని గ్రీజుతో పొద్దున పూట బండి మెట్టెక్కలేక పల్లంలో ఆగిపోవడం మామూలే, దానికి భయపడొద్దు. సీట్లలో మనుషుల బదులు నీళ్లు నింపిన బొమ్మలు కూర్చోబెట్టి రోజంతా తిప్పుతుంటే, అప్పుడు తెరవడానికి ఇంకో 3 వారాలు అనుకో. ఎమర్జెన్సీ స్టాప్, బండ్లు గుద్దుకోకుండా ఆపే బ్లాక్ బ్రేకులు నిండు బరువుతో పాసవ్వాలి, ఆపైన తనిఖీ, లైసెన్సు.

టవర్‌క్లాక్_పిల్లోడు
బోల్టులకు గోనెపట్టా చుట్టుండాది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఇంకా రాలేదు, దాన్ని పెట్టే దిమ్మె కూడా కట్టలేదు.

బురుజు_కర్నూలు
అయితే నా నవంబరు వెనక్కి తీసుకుంటుండా. హెచ్‌టీ (హై టెన్షన్ కరెంటు) కనెక్షన్ లేకుంటే బండిని పైకి లాగే లిఫ్ట్ మోటారు తిరగదు, జనరేటర్ మీద ఒకట్రెండు ట్రయల్స్ చేస్తారేమో గానీ పూర్తి టెస్టింగ్ కుదరదు. దిమ్మె ఆగస్టులో కడితే సంక్రాంతి. సెప్టెంబరు దాటితే వేసవి సెలవులకే.