అమ్మానాన్నలతో పోర్ట్ బ్లెయిర్: ఒక రోజుకి సొంతంగా బండి మాట్లాడుకుంటే ఏమేం చూడొచ్చు?

ఎంవీపీ_సెక్టార్7 అడిగిన ప్రశ్న

నమస్కారం అండి. జనవరి మూడో వారంలో వైజాగ్ నుంచి అండమాన్ వెళ్తున్నాం. మేమిద్దరం, అమ్మ, నాన్నగారు, ఆరేళ్ళ బాబు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. మెట్లు ఎక్కగలరు గానీ నెమ్మదిగా. శనివారం సాయంత్రం దిగుతాం, ఆదివారం పొద్దున్నే హేవ్‌లాక్ దీవికి, మంగళవారం వెనక్కి. బుధవారం ఒక్కటే పోర్ట్ బ్లెయిర్‌లో పూర్తి రోజు. గురువారం మధ్యాహ్నం విమానం.

ఆ బుధవారానికి బస్సు టూర్ వద్దనుకుని విడిగా కారు మాట్లాడుకుంటున్నాం. ఒక ఏజెంటు పంపిన పట్టీ ఇది: ఉదయం 9కి సెల్యులార్ జైలు, తర్వాత రాస్ ఐలాండ్, నార్త్ బే, చాతం రంపపు మిల్లు, చిడియా టాపులో సూర్యాస్తమయం, వచ్చాక జైల్లో లైట్ అండ్ సౌండ్ షో. ఇంకో ఆయన ఇవన్నీ వదిలేసి బారాటాంగ్ సున్నపురాయి గుహలకి వెళ్ళమంటున్నారు. మా వాళ్ళతో ఏది కుదురుతుంది? కారు మాట్లాడేటప్పుడు ఏమేం అడగాలి?

తూర్పుతీరం

ఆ పట్టీ కుదరదండి. మొదటి కారణం, మీ పూర్తి రోజు బుధవారం. రాస్ ఐలాండ్‌కి వారపు సెలవు బుధవారమే. దాన్ని ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అంటున్నారు, బోర్డుల మీద ఆ పేరే వెతకండి. ఊరి పేరు కూడా 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. ఆటోవాళ్ళూ హోటళ్ళవాళ్ళూ మాత్రం పోర్ట్ బ్లెయిర్ అనే అంటారు.

రెండోది వెలుతురు. గడియారం మనదే అయినా పోర్ట్ బ్లెయిర్ మనకంటే తొమ్మిదిన్నర డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు అక్కడ 38 నిమిషాలు ముందుంటాడు. కాకపోతే ఆ ఊరు మనకంటే దక్షిణాన ఉంది కాబట్టి చలికాలంలో అక్కడ పగలు కొంచెం పొడుగు, సాయంత్రం తేడా అరగంట దాకా తగ్గుతుంది. జనవరి మూడో వారంలో మన బీచ్ రోడ్డులో పొద్దు గుంకేది 5:45కి, అక్కడ 5:15కి. ఆరయ్యేసరికి చీకటి. మన అలవాటు ప్రకారం తొమ్మిదికి టిఫిన్ ముగించి బయల్దేరితే అప్పటికే మూడు గంటల ఎండ వాడకుండా పోయినట్టే. అక్కడ రోజుని ఎన్ని చోట్లు అని కాదు, ఎన్ని వెలుతురు గంటలు, ఎన్ని పడవలు అని లెక్కపెట్టాలి. పెద్దవాళ్ళు ఉంటే రోజుకి ఒక్క పడవ చాలు. రాస్, నార్త్ బే కలిపి వెళ్తే ఆ రెండిటికే అయిదారు గంటలు పోతాయి. పడవ తిరిగొచ్చే టైము మీ చేతిలో ఉండదు, కారు మీదే అయినా సరే.

నేనైతే ఇలా సర్దుతాను. మంగళవారం హేవ్‌లాక్ నుంచి ఉదయం ఫెర్రీకే టికెట్లు తీసుకోండి. ప్రైవేటు ఫెర్రీకి గంటన్నర, ప్రభుత్వ ఫెర్రీకి రెండు గంటల పైన పడుతుంది. హోటల్లో సామాను పడేసి ఆ మధ్యాహ్నం రాస్ ఒక్కటే చూడండి. నార్త్ బే వదిలేయండి. అక్కడ ఉన్నదంతా నీటి ఆటలు, పగడాలు చూపించే అద్దాల పడవ. హేవ్‌లాక్‌లో బాబుకి అవన్నీ అయిపోయుంటాయి. (నార్త్ బే లైట్‌హౌస్ దృశ్యం పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక ఉంటుంది. ఇంట్లో నోటు ఉంటే తీసుకెళ్ళి రాస్ పడవలోంచి బాబుకి చూపించండి, లైట్‌హౌస్ ఎదురుగానే కనిపిస్తుంది.)

బుధవారం 8:30కి బయల్దేరి ముందు చాతం మిల్లు. 1883 నాటిది, అక్కడి పడౌక్ కర్ర దుంగల్ని కోసే తీరు ముప్పావుగంటలో చూసేయొచ్చు. దీనికి ఆదివారం సెలవు, మీకు ఇబ్బంది లేదు. పదికల్లా జైలుకి చేరండి. మధ్యాహ్నం భోజనం వేళ కాసేపు మూస్తారు కాబట్టి 11:30కి వెళ్తే సగంలో బయటికి పంపిస్తారు. జైలు 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. ఉరికంబం, నూనె గానుగ, ఫొటోల గది అన్నీ కిందే ఉన్నాయి. నాన్నగారు కిందివన్నీ చూసి రావిచెట్టు దగ్గర కూర్చోవచ్చు. మీరు బాబుని తీసుకుని మూడో అంతస్తు మీది డాబా ఎక్కండి, ఎదురుగా సముద్రంలో రాస్ కనిపిస్తుంది.

భోజనం ఆబర్డీన్ బజార్ దగ్గర. గంట పడుకుని 2:45కి చిడియా టాపు. దూరం మన ఆర్కే బీచ్ నుంచి భీమిలి అంత, పాతిక కిలోమీటర్లు. కానీ దారి మలుపులు, ఎత్తుపల్లాలు, గంట వేసుకోండి. నాలుగుకి చేరితే వెలుతురు ఉండగానే చెట్ల కింద తిరగొచ్చు.

జెట్టీ_కబుర్లు

పై మాటతో ఏకీభవిస్తూనే రాస్ గురించి ఒకటి చెప్పాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కష్టం దీవిలో కాదు, పడవ ఎక్కేచోట. దీవిలో బ్యాటరీ బండ్లు ఉన్నాయి, చర్చి శిథిలాల దాకా కూర్చోబెట్టే తీసుకెళ్తాయి. లైట్‌హౌస్ వైపు దిగే మెట్ల దారి ఒక్కటి వదిలేయండి, చాలు.

పడవ దగ్గర ఏమవుతుందంటే, ఆటు వేళ నీరు దిగిపోయి పడవ అంచు జెట్టీ కంటే బాగా కిందికి ఉంటుంది. కింది మెట్లు మామూలుగా నీళ్ళలో ఉండేవి, నాచు పట్టి జారుతాయి. పైగా అలకి పడవ లేస్తూ పడుతూ ఉంటుంది. పెద్దవాళ్ళు పడవ కిందికి దిగుతున్నప్పుడు కాలు వేస్తారు, అడుగు అందక మోకాలి మీద బరువంతా పడుతుంది. పడవ పైకి లేచి ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అప్పుడు వేయాలి కాలు. పడవవాళ్ళు చెయ్యి పట్టుకుని లాగుతారు, అలా వద్దని చెప్పి మోచేతి పైన పట్టుకోమనండి. నాన్నగారి చేతిలో సంచీ, ఫోను ఏమీ ఉండకూడదు. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి. హవాయి చెప్పులైతే నాచు మీద నిలవవు.

మంగళ, బుధవారాల పోటు వేళలు ముందురోజే ఫోన్లో చూసుకోండి. రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. నీరు బాగా నిండి ఉన్న వేళకి పడవ ఎక్కితే ఆ ఎత్తు తేడా తగ్గుతుంది.

పడవలు రాజీవ్ గాంధీ వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ నుంచి కదులుతాయి, రాస్‌కి పావుగంట. మధ్యాహ్నం బాగా ఆలస్యమైతే కొత్తగా జనాన్ని తీసుకెళ్ళరు కాబట్టి మంగళవారం ఫెర్రీ ఆలస్యమైతే రాస్ ఆశ వదులుకోవాలి. గురువారం విమానం ఉండగా మాత్రం పొద్దున రాస్ పెట్టుకోకండి. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు, దీవిలో ఉన్నవాళ్ళు ఉన్నచోటే ఆగాలి.

ఎంవీపీ_సెక్టార్7

చాలా థాంక్సండి. బుధవారం సెలవు సంగతి ఏజెంటు చెప్పనే లేదు. మంగళవారం ఉదయం ఫెర్రీకి మార్చుకుంటున్నాం. బారాటాంగ్ సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? బాబుకి గుహలంటే సరదా. చిడియా టాపులో 5:15కి పొద్దు గుంకితే లైట్ అండ్ సౌండ్‌కి అందుకోగలమా?

అడవిబాట

బారాటాంగ్ మీ నాన్నగారికి వద్దండి. బాగుండదని కాదు, చాలా బాగుంటుంది. రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, మీరే చూడండి.

దూరం ఒకవైపే వంద కిలోమీటర్లు, ఇంచుమించు మనకి అరకు ఉన్నంత. కానీ దారి జారవా తెగ రిజర్వు అడవిలోంచి పోతుంది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నిటినీ ఆపి, పోలీసు కాన్వాయ్‌గా ఒక్కసారే వదులుతారు. మొదటిది ఉదయం 6కి. దాన్ని అందుకోవాలంటే హోటల్ నుంచి మూడున్నరకి కదలాలి. దూరం కోసం కాదు అంత పొద్దున్నే, వరసలో ముందు ఉండటానికి. వెనక పడితే అవతల ఫెర్రీ దగ్గర, గుహల పడవ దగ్గర, తిరుగు కాన్వాయ్ దగ్గర అన్నిచోట్లా వెనకే ఉంటారు. తర్వాతి కాన్వాయ్ తొమ్మిదికి. దానికి వెళ్తే గుహల దగ్గర రద్దీ ఎక్కువ, తిరిగి వచ్చేసరికి చీకటి పడిపోతుంది.

చెక్‌పోస్టులో అందరి పేర్లు, గుర్తింపు కార్డు నంబర్లతో ఫారం నింపాలి. డ్రైవరుకి ముందురోజే ఆధార్ కాపీలు ఇచ్చేస్తే ఆయన నింపుకుని వస్తారు. రిజర్వు లోపల బండి ఆపకూడదు, అద్దం దించకూడదు, ఫొటో తీయకూడదు, తినేవి విసరకూడదు. ఇది 1956 నుంచి ఉన్న చట్టం, తప్పితే కేసు పెడతారు. ఆ అడవి వాళ్ళ ఇల్లు. బాబుకి బయల్దేరే ముందే చెప్పి ఉంచండి, ‘జారవాలని చూపిస్తాం’ అనే డ్రైవరుని అసలు పెట్టుకోవద్దు.

మిడిల్ స్ట్రెయిట్‌లో కారు వదిలేసి పెద్ద ఫెర్రీలో అవతలికి, అక్కడ చిన్న ఫైబర్ పడవ ఎక్కి మడ అడవుల కాలువలోంచి అరగంట, ఆపైన నడక. కిలోమీటరున్నర వెళ్ళాలి, అంతే దూరం రావాలి. గట్ల మీద, వేర్ల మీద, ఆఖర్న రాళ్ళ మీద నడక. గుహలో టార్చి లేకపోతే కనపడదు. బ్యాటరీ బండి, డోలీ లాంటివి లేవు. 12:30 ప్రాంతంలో తిరుగు కాన్వాయ్ దొరికితే మూడున్నరకి హోటల్. అంటే 12 గంటలు, అందులో ఆరు బండిలోనే.

బాబు సరదా తీర్చాలంటే మీలో ఒకరు బాబుతో వెళ్ళండి, రెండోవారు అమ్మానాన్నలతో ఊళ్ళో ఉండండి. కారు ఒకటే అయితే మాత్రం బారాటాంగ్ మరచిపోండి.

తూర్పుతీరం

లైట్ అండ్ సౌండ్: చిడియా టాపులో పొద్దు గుంకాక 5:30కి కదిలినా జైలుకి 6:30. మొదటి ఆట అందదు, రెండో ఆటకి తీసుకోండి. ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, గేటు దగ్గర దొరుకుతాయని నమ్మలేం. ఏ ఆట హిందీలోనో, ఏది ఇంగ్లీషులోనో చూసుకుని మరీ బుక్ చేయండి. కూర్చునేది ఆరుబయట, దోమల మందు రాసుకుని వెళ్ళాలి.

చిడియా టాపులో ముండా పహాడ్ బీచ్ చూడ్డానికి బాగుంటుంది. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, ఉప్పునీటి మొసళ్ళు తిరిగే ఒడ్డు. హెచ్చరిక బోర్డు ఉన్న ఏ చోటైనా బాబుని మోకాలి లోతుకి కూడా వదలకండి. ఇసుక ఈగలు కూడా ఎక్కువ, కుట్టినప్పుడు తెలీదు, మర్నాడు దద్దుర్లు. కాళ్ళకి కొబ్బరినూనె దట్టంగా రాస్తే చాలావరకు ఆగుతాయి.

ఆ రోజుకి నాన్నగారికి అలసట అనిపిస్తే చిడియా టాపు బదులు కార్బిన్స్ కోవ్ చాలు. ఊరికి ఏడు కిలోమీటర్లే, కారు దిగితే బీచే. కాకపోతే అది తూర్పు ఒడ్డు, పొద్దు సముద్రంలో గుంకడం కనపడదు.

స్టీరింగ్_సీను

కారు సంగతి నేను చెప్తాను. అక్కడ కిలోమీటరు లెక్క ఉండదు. రెండే పద్ధతులు: పాయింట్ టు పాయింట్, డిస్పోజల్. మొదటిదాంట్లో ఒప్పుకున్న చోట్లకే తిప్పుతారు. మధ్యలో మందుల షాపు దగ్గర ఆపమన్నా, భోజనం చేసి గంట పడుకుంటామన్నా వేరే డబ్బు అడుగుతారు. కొందరు జైలు దగ్గర దింపి ఇంకో బేరానికి వెళ్ళిపోతారు, మీరు ఎండలో నిలబడాలి. రోజంతా బండి మీ దగ్గరే ఉండేది డిస్పోజల్. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి మీకు డిస్పోజల్ అన్న మాటే వాడండి. ‘ఫుల్ డే’ అంటే ఎవరికి నచ్చినట్టు వాళ్ళు అర్థం చేసుకుంటారు.

సెడాన్ వద్దు, వెనక సీట్లో ముగ్గురితో పాటు బాబు ఇరుక్కుంటాడు. ఎర్టిగా చాలు, ఇన్నోవా అయితే సుఖం. నాన్నగారు ముందు సీట్లో, సీటు పూర్తిగా వెనక్కి జరిపి. వెనక మూడో వరసకి మోకాళ్ళ నొప్పులవాళ్ళని ఎక్కించొద్దు. పసుపు నంబరు ప్లేటు బండే కావాలనండి, తెల్ల ప్లేటు బండికి డబ్బు తీసుకుని తిప్పే పర్మిట్ ఉండదు.

మాట ఫోన్లో కాకుండా వాట్సాప్‌లో పెట్టించుకోండి. ఇలా పంపండి:

“అన్నా, బుధవారం పొద్దున 8:30 నుంచి రాత్రి 8:30 దాకా బండి డిస్పోజల్. ఎర్టిగా లేదా ఇన్నోవా, ఏసీ, పసుపు ప్లేటు. పెద్దలు నలుగురం, పిల్లాడు ఒకడు. హోటల్, చాతం, జైలు, భోజనం, హోటల్లో గంట విశ్రాంతి, చిడియా టాపు, మళ్ళీ జైలు షో, హోటల్. పెట్రోలు, పార్కింగ్, డ్రైవరు భత్యం అన్నీ కలిపి ఎంత? గంట దాటితే ఎంత? వాన వల్ల చోటు మారిస్తే అదనం ఉందా? బండి నంబరు, డ్రైవరు నంబరు ముందురోజు రాత్రికి పంపాలి.”

హిందీలో రాస్తే అందరికీ పనికొస్తుంది. తెలుగు డ్రైవర్లు కూడా బాగానే ఉన్నారు, మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఏజెంటుని ‘తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా’ అని అడిగితే పంపుతారు. అమ్మగారికి మాట్లాడుకోవడానికి తోడు ఉంటుంది.

అడ్వాన్సు కొంచెమే ఇచ్చి మిగతాది రోజు చివర్న ఇవ్వండి. నగదు దగ్గర పెట్టుకోండి, ఊరు దాటాక సిగ్నల్ పోతుంది, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది.

జెట్టీ_కబుర్లు

మరచిపోయాను, హేవ్‌లాక్ ఫెర్రీకి అవోమిన్ మాత్ర బయల్దేరే గంట ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు. మత్తు వస్తుంది, నాన్నగారు వేరే మందులు వాడుతుంటే ఆయనకీ, బాబుకీ ఇక్కడే డాక్టరుని అడిగి మోతాదు రాయించుకోండి.

ఇంకొకటి. బాబు బీచుల్లో గవ్వలు, పగడపు ముక్కలు ఏరి జేబులో వేసుకుంటాడు. పగడాలు, చాలా రకాల శంఖాలు 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి, ఒడ్డుకి కొట్టుకొచ్చినవి కూడా తేకూడదు. విమానాశ్రయంలో స్కానింగులో దొరికితే సామాను విప్పిస్తారు. బుధవారం రాత్రే సంచులన్నీ దులపండి, బాబు నిక్కరు జేబులతో సహా.